సూది పొడిచిన చెయ్యి ఒక్కటే కనపడిందా మనకి?

ఎదుటివాళ్ళ తప్పులు ఎత్తిచూపటం మనకి అలవాటే. అది అవసరం కూడా. కానీ ఈసారి మనం చేసిన తప్పు ఒకటి చెప్పుకోవాలి. అది చెప్పకుండా మిగతా మాటలు చెప్పే హక్కు నాకు లేదు.

కొన్నేళ్ళ కిందట మా ప్రాంతంలో ఒక సర్కారు ఆసుపత్రిలో మన వాడ మనిషి ఒకామె చనిపోయింది. మిరప కోతలకి పోయే కూలి. ముప్పై రెండేళ్ళు. ఇద్దరు పిల్లలు. జ్వరమని చేరింది. మూడో రోజు రాత్రి రెండు గంటలప్పుడు నర్సు సూది చేసింది. చేసిన కాసేపటికే ప్రాణం పోయింది.

తెల్లారేసరికి సంఘం వాళ్ళం వంద మందిమి గేటు ముందు కూచున్నాం. శవాన్ని కదలనియ్యలేదు. "నర్సుని సస్పెండ్ చెయ్యాలి! అరెస్టు చెయ్యాలి!" అన్న నినాదం ఇచ్చింది నేనే. మధ్యాహ్నానికి సూపరింటెండెంటు కాగితం పట్టుకుని బయటికొచ్చాడు. స్టాఫ్ నర్సుని సస్పెండ్ చేశామన్నాడు. చప్పట్లు కొట్టాం. గెలిచామనుకున్నాం.

కాగితంలో పేరు చదివాక నా నోట మాట రాలేదు. ఆ పిల్ల నా దగ్గర ఏడో తరగతి చదివింది. పక్క ఊరి మాదిగపల్లె. తల్లి పొగాకు గ్రేడింగు కూలి. ఆ పల్లెలో తెల్ల కోటు వేసుకున్న మొదటి మనిషి ఆ పిల్లే. నర్సింగులో సీటొచ్చినప్పుడు మన సంఘమే చందాలేసి పుస్తకాలు కొనిచ్చింది. అదే సంఘం ఆమెని జైలుకి పంపమని అరిచింది.

వాళ్ళింటికి పోవటానికి నాకు పదకొండు రోజులు పట్టింది. దూరం వల్ల కాదు, సిగ్గు వల్ల.

ఆ రాత్రి ఏం జరిగింది?

ఆమె నోటితో విన్నది రాస్తున్నా. కొన్ని మందులు పొడిగా సీసాలో వస్తాయి. నీళ్ళ యాంపుల్ విరిచి ఆ పొడిలో కలిపి నరానికి ఇవ్వాలి. ఆ ట్రేలోనే పొటాషియం యాంపుళ్ళు కూడా ఉన్నాయి. అదే సైజు, అదే తెలుపు, అదే పది మిల్లీలీటర్లు. పొటాషియాన్ని సెలైనులో కలిపి నెమ్మదిగా ఎక్కిస్తే మందు. నేరుగా నరంలోకి తోస్తే గుండె ఆగిపోద్ది. నీళ్ళనుకుని ఆమె తీసింది పొటాషియం.

వార్డులో 41 మంది రోగులు. మంచాలు చాలక నేల మీద పడుకున్నవాళ్ళు కొందరు. వాళ్ళందరికీ కలిపి స్టాఫ్ నర్సు ఆమె ఒక్కతే. ఇంకో నర్సు రాకపోతే ఆ పగలు డ్యూటీ కూడా ఆమే చేసింది. అంటే ఆమె నిలబడి పదహారు గంటలు దాటింది. నాలుగు మంచాల అవతల ఒక ముసలాయనకి ఫిట్సు వస్తుంటే ఆయన కొడుకు "సిస్టరూ, సిస్టరూ" అని కేకలేస్తున్నాడు.

తప్పు జరిగిందని అందరికన్నా ముందు గుర్తుపట్టింది ఆమే. యాంపుల్ చేతిలోకి తీసుకుని చదువుకుంది. డాక్టరుకి ఫోన్ చేసి, "నేనే తప్పు చేశాను సార్, తొందరగా రండి" అంది. ఆయన వచ్చేదాకా రొమ్ము మీద రెండు చేతులూ వేసి నొక్కుతూనే ఉంది. దాచలేదు. యాంపుల్ పారెయ్యలేదు. కేస్ షీటు దిద్దలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తా.

ఆమె చనిపోయినామె భర్త దగ్గరికి పోబోతే ఆపారు. "నువ్వు ఎవరితోనూ మాట్లాడొద్దు, లోపల కూచో" అన్నారు. తెల్లారాక మన నినాదాలు ఆ గది కిటికీలోంచి వింది. నా గొంతు గుర్తుపట్టింది. "మా సారే కదా అనుకున్నా సార్" అంది. అంతకన్నా ఒక్క మాట నిష్ఠూరం ఆడలేదు. ఆడి ఉంటే బాగుండేది.

ఆ పిల్ల పరిస్థితి ఏమిటి?

అన్నం ముద్ద దిగదు. నిద్ర పడితే యాంపుళ్ళు లెక్కపెట్టే కల. రోజుకి పదిసార్లు చేతులు కడుగుతుంది. ఇంట్లో మంచినీళ్ళ సీసా మూత తియ్యాలన్నా దాని మీద కాగితం రెండుసార్లు చదువుతుంది. పక్కింటి పిల్లాడికి జ్వరం మాత్ర ఇవ్వమంటే వణికిపోయింది. ఆదివారం ప్రార్థనకి పోవటం మానేసింది. తల్లి నన్ను పక్కకి తీసుకెళ్ళి, "రాత్రిళ్ళు దాని మంచం పక్కనే పడుకుంటన్నా మాస్టారూ, బావి కాడికి ఒంటరిగా పోనియ్యటం లేదు" అంది. ఏ భయంతో అందో నాకు అర్థమైంది. ఆ పదకొండు రోజుల్లో ఆసుపత్రి నుంచి వచ్చినవి రెండే రెండు. ఒకటి మెమో, రెండోది ఎంక్వయిరీ తేదీ. మనిషి ఒక్కరూ రాలేదు. తోటి నర్సులు రాలేదు. మనమూ పోలేదు.

ఇది ఒక్క మనిషి బలహీనత కాదు. ప్రపంచమంతా ఉన్నదే. 2000 సంవత్సరంలో ఆల్బర్ట్ వూ అనే అమెరికా డాక్టరు వైద్యంలో పొరపాటు చేసినవాళ్ళని "రెండో బాధితులు" అన్నాడు. మొదటి బాధితులు రోగి, రోగి కుటుంబం. ఆ తర్వాత ఆ పొరపాటు చేసిన చెయ్యి కూడా విరుగుతుందని ఆయన చెప్పాడు. ఆ మాట ఆయన డాక్టర్ల గురించి రాశాడు. కానీ సూది చివర ఎక్కువగా ఉండేది నర్సు చెయ్యే.

2010లో అమెరికాలోని సియాటిల్ నగరంలో ఒక నర్సు ఎనిమిది నెలల పాపకి ఇవ్వాల్సినదానికి పదింతలు కాల్షియం మందు ఇచ్చింది. లెక్కలో పొరపాటు. వెంటనే తానే చెప్పింది. ఆ పాప తర్వాత చనిపోయింది. ఇరవై ఏళ్ళకు పైగా పనిచేసిన ఆ నర్సుని ఉద్యోగం నుంచి తీసేశారు. 2011 ఏప్రిల్‌లో ఆమె తన ప్రాణం తానే తీసుకుంది. 2017లో నాష్‌విల్ నగరంలో ఇంకో నర్సు ఒక మందు బదులు ఇంకో మందు తీసింది. 75 ఏళ్ళ రోగి చనిపోయింది. ఆ నర్సు కూడా తప్పు ఒప్పుకుంది. 2022 మార్చిలో కోర్టు ఆమెని నేరస్థురాలంది. మేలో మూడేళ్ళ ప్రొబేషన్ వేసింది. ఆసుపత్రి మీద మాత్రం క్రిమినల్ కేసు లేదు. దాంతో అక్కడి నర్సులంతా ఒక మాట అన్నారు: నిజం చెబితే జైలయితే ఇక నిజం చెప్పేదెవరు? ఆ ప్రశ్న వల్లే 2024లో అమెరికాలోని కెంటకీ రాష్ట్రం మామూలు పొరపాట్లకి వైద్య సిబ్బంది మీద నేరం మోపకూడదని చట్టం చేసింది.

మరి మన దేశంలో?

ఇక్కడ జాగ్రత్తగా చదవండి. చదువు రాని అక్కలకి చదివి వినిపించండి.

పాత శిక్షాస్మృతిలో 304-ఎ సెక్షన్ ఉండేది. నిర్లక్ష్యం వల్ల చావు జరిగితే రెండేళ్ళ దాకా జైలు. డాక్టరయినా, నర్సయినా, లారీ డ్రైవరయినా ఒకటే. 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు డాక్టర్లని ఊరికే అరెస్టు చెయ్యొద్దంది, ఘోరమైన నిర్లక్ష్యం ఉంటేనే క్రిమినల్ కేసు అంది, ముందు ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకోమంది. మంచిదే. 2024 జులై 1 నుంచి కొత్త చట్టం వచ్చింది, భారతీయ న్యాయ సంహిత. అందులో 106వ సెక్షన్ ఏమంటోంది? నిర్లక్ష్యంతో చావుకి కారణమైతే అయిదేళ్ళ దాకా జైలు. కానీ వైద్యం చేస్తూ ఆ పని చేసింది "రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్" అయితే రెండేళ్ళ దాకానే. ఆ మాటకి అర్థం కూడా అక్కడే రాశారు. మెడికల్ కమిషన్ గుర్తించిన వైద్య చదువు ఉండి, డాక్టర్ల రిజిస్టరులో పేరున్నవాళ్ళు. నర్సుల పేర్లుండేది నర్సింగ్ కౌన్సిల్ రిజిస్టరులో. అంటే ఆ మినహాయింపులో నర్సు లేదు!

ఒకే వార్డు. ఒకే రోగి. ఒకే పొరపాటు. డాక్టరు చేస్తే రెండేళ్ళ దాకా, నర్సు చేస్తే అయిదేళ్ళ దాకా. తప్పు ఒకటే అయినా మనిషి అంతస్తుని బట్టి శిక్ష మారే చట్టాన్ని మనం ఇంతకు ముందు ఎక్కడ చదివాం మిత్రులారా? దాన్ని 1927లో మహద్‌లో బాబాసాహెబ్ తగలబెట్టించాడు కదా! ఈ చట్టం రాసినవాళ్ళు కులం పేరు ఎత్తలేదు, నిజమే. ఎత్తాల్సిన అవసరం లేదు. ఆసుపత్రిలో ఏ మెట్టు మీద ఎవరున్నారో చూస్తే చాలు.

నర్సు పని ఎవరి పనయింది?

చీము, నెత్తురు, మలమూత్రం ముట్టుకోవటం మైల అన్నది ఈ సమాజం. పరాయి మగవాడి ఒళ్ళు తుడవటం, రాత్రిళ్ళు ఇల్లు విడిచి డ్యూటీ చెయ్యటం పరువు తక్కువంది. అందుకని పై కులాల వాళ్ళు చాలాకాలం తమ ఆడపిల్లల్ని ఈ పనికి పంపలేదు. గుంటూరులో కుగ్లర్ దొరసాని లాంటి మిషనరీలు ఆసుపత్రులు పెట్టినప్పుడు నర్సింగుకి ఎక్కువగా ముందుకొచ్చింది క్రైస్తవం పుచ్చుకున్న మన ఇళ్ళ ఆడపిల్లలే. ముట్టుకోకూడదన్న చేతులే అందరి పుండ్లూ కడిగాయి. 1897లో పూనాలో ప్లేగు వస్తే సావిత్రీబాయి ఫూలే రోగులకి సేవ చేసి, అదే ప్లేగుతో మార్చి 10న కన్నుమూసింది. మన ఉద్యమానికి తల్లి అయిన మనిషి చావు కూడా రోగి పక్కనే. నర్సు పని మనకి పరాయి పని కాదు.

ఇప్పుడు అన్ని కులాల పిల్లలూ నర్సింగుకి వస్తున్నారు. కానీ కాంట్రాక్టులో, ఔట్ సోర్సింగులో, చిన్న ప్రైవేటు నర్సింగు హోముల్లో రాత్రి డ్యూటీల్లో ఎవరున్నారో మీ ఊరి పిల్లల్ని అడగండి. 2016లో సుప్రీంకోర్టు చెబితే వేసిన కమిటీ, 50 మంచాల లోపు ప్రైవేటు ఆసుపత్రిలో కూడా నర్సుకి నెలకి 20,000 రూపాయలకి తగ్గకుండా ఇవ్వమంది. మీ పట్నంలో ఎంతిస్తున్నారో అది కూడా అడగండి. 2020 మే 3న హెలికాప్టర్లలోంచి ఆసుపత్రుల మీద పూలు చల్లారు. 2021 జులైలో తెలంగాణలో కోవిడ్ కాలం నర్సుల్ని వందల మందిని ఇళ్ళకి పంపారు. పూలకి ఖర్చు పెట్టారు గానీ పోస్టులకి పెట్టలేదు.

అంబేద్కర్ చెప్పిన అంచెలంచెల అసమానత చూడాలంటే ఆసుపత్రికి పొండి. పైన సూపరింటెండెంటు, కింద డాక్టరు, కింద హెడ్ నర్సు, కింద స్టాఫ్ నర్సు, కింద ఆయా, అందరికన్నా కింద ఊడ్చే మనిషి. మెప్పు కింద నుంచి పైకి ఎక్కుద్ది. నింద పై నుంచి కిందికి జారుద్ది. జారి జారి ఎక్కడో ఒకచోట ఆగుద్ది. హాస్టల్లో అన్నం తిని పిల్లలకి వాంతులయితే వంటమనిషిని తీసేస్తారు, పుచ్చిన బియ్యం పంపినోణ్ణి కాదు. పాతికేళ్ళ నుంచి బడిలో పనిచేస్తూ ఇది చూస్తూనే ఉన్నా. అయినా ఆసుపత్రి గేటు దగ్గర మాత్రం నాకు గుర్తు రాలేదు.

"అయితే తప్పు చేసినోళ్ళని వదిలెయ్యమంటావా మాస్టారూ?"

ఈ ప్రశ్న మొన్న సంఘం మీటింగులో ఒక తమ్ముడు అడిగాడు. వాళ్ళ వదిన కాన్పులో పోయింది. అతనికి అడిగే హక్కుంది.

వదిలెయ్యమని నేననను. ఆసుపత్రుల్లో చచ్చేది ఎక్కువగా మనవాళ్ళే. 2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నంలో ఒక్కరోజు క్యాంపులో 34 మంది ఆడవాళ్ళకి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. నలుగురు తల్లులు చనిపోయారు. అందరూ పేదింటి వాళ్ళే. దాని గురించి మనం నోరు మూసుకోవాలా? కాన్పు గదిలో మన ఆడవాళ్ళని చెంపదెబ్బలు కొట్టే నర్సులున్నారు. ఏ పేట అని అడిగి ముఖం చిట్లించేవాళ్ళున్నారు. చెయ్యి చాపేవాళ్ళున్నారు. వాళ్ళు మన కులం వాళ్ళయినా సరే, వదలొద్దు. అవి పొరపాట్లు కావు. తెలిసి చేసేవి.

కానీ తెలిసి చేసింది వేరు, కన్ను తప్పి జరిగింది వేరు. తాగి డ్యూటీకి రావటం, పిలిస్తే లేవకపోవటం, జరిగినదాన్ని దాచటం, కేస్ షీటు మార్చటం నేరాలు. ఒంటరిగా 41 మందిని చూస్తూ, పదహారో గంటలో, ఒకేలా ఉన్న రెండు యాంపుళ్ళలో ఒకటి తియ్యబోయి ఇంకోటి తియ్యటం నేరం కాదు. ఆ ట్రే అలా పెట్టింది ఎవరు? వార్డులో పొటాషియం యాంపుళ్ళు విడిగా ఉంచొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే చెప్పింది. అది పాటించంది ఎవరు? నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం మామూలు ఆసుపత్రిలో అయిదు మంచాలకి ఒక నర్సు పోస్టు ఉండాలి. మూడు షిఫ్టులకి పంచినా పదిహేను మందికి ఒకరు. ఆ రాత్రి ముగ్గురు ఉండాల్సిన చోట ఒక్కతే ఉంది. మిగతా ఇద్దరి జీతం మిగుల్చుకున్నది ఎవరు? వాళ్ళ పేరు సస్పెన్షన్ కాగితంలో ఉందా?

లేదు. మనం అడగలేదు కాబట్టి లేదు. సూపరింటెండెంటు ఒక మాదిగ పిల్లని మనకిచ్చి పంపాడు. ఆమెని తీసుకుని మనం ఇంటికొచ్చేశాం. ఆ ట్రే మాత్రం అక్కడే ఉంది. సస్పెండయిన పిల్ల చోటులో ఇంకో కాంట్రాక్టు పిల్ల వచ్చింది. ఆమె కూడా ఒక్కతే.

ఇంకో సంగతి ఉంది. మనం సస్పెన్షనే ఎందుకు అడుగుతాం? వేరే దారి మూసేశారు కాబట్టి. 1995లో శాంత కేసులో సుప్రీంకోర్టు వైద్యం వినియోగదారుల చట్టం కిందకి వస్తుందంది. కానీ అందరికీ ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రికి అది వర్తించదంది. అంటే డబ్బు కట్టినవాడు నష్టపరిహారం కోసం ఫోరానికి పోవచ్చు. ధర్మాసుపత్రికి పోయే మన కూలి మనిషికి ఆ దారి లేదు. మిగిలింది ధర్నా, పోలీసు కేసు. ఆ రెండింటికీ మొదట దొరికేది నర్సు. పేద రోగికీ పేద నర్సుకీ మధ్య తగువు పెట్టి, పై మెట్టువాళ్ళు మేడ మీది నుంచి చూస్తున్నారు.

ఇక మీదట ఏం చేద్దాం?

ఒకటి. ఆసుపత్రిలో చావు జరిగితే ధర్నా చెయ్యాల్సిందే. కానీ నినాదం మార్చాలి. "ఆ రాత్రి ఎంతమంది రోగులు, ఎంతమంది నర్సులు?" ఇది మొదటి ప్రశ్న. డ్యూటీ రోస్టరు బయట పెట్టమనాలి. ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాలి.

రెండు. కేస్ షీటు నకలు అడగాలి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నుంచి డాక్టర్ల నియమావళిలో ఉంది. రాసి అడగండి, అందినట్టు సంతకం తీసుకోండి.

మూడు. ఏం జరిగిందో కుటుంబానికి ఆ రోజే, సూపరింటెండెంటే, తెలుగులో చెప్పాలి. నర్సు చెబుతానంటే ఆపొద్దు. నష్టపరిహారం సర్కారు ఇవ్వాలి.

నాలుగు. ఎంక్వయిరీ కమిటీలో ఒక నర్సు ఉండాలి. యంత్రాంగం తప్పు కూడా తేల్చాలి. తప్పు తానే చెప్పిన మనిషికి, దాచిన మనిషికి ఒకే శిక్ష ఉండకూడదు. అలా ఉంటే రేపు అందరూ దాస్తారు. దాస్తే మళ్ళీ చచ్చేది మనమే.

అయిదు. ఆ నర్సుని ఒంటరిగా వదలొద్దు. ఆసుపత్రి మనిషిని పంపకపోతే సంఘం పంపాలి. కనీసం మొదటి వారం రోజులు మన అక్కలెవరో ఒకరు పోయి పక్కన కూచోవాలి. నీతులు చెప్పక్కర్లేదు. అన్నం తినిపించండి చాలు. నిద్ర లేకపోయినా, బతకాలని లేదన్నా మనసు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. అది పిచ్చి కాదు, సిగ్గు కాదు, గాయం.

ఆరు. 106వ సెక్షనులో డాక్టరుకిచ్చిన మినహాయింపు నర్సుకీ, ఏఎన్ఎంకీ ఇవ్వాలి. లేదా ఎవరికీ వద్దు. నర్సుల సంఘాలతో కలిసి ఈ డిమాండు మీద సంతకాలు సేకరిద్దాం.

చివరగా ఒక మాట.

ఎంక్వయిరీ అయ్యాక చనిపోయినామె భర్త నన్ను అడిగాడు, ఆ పిల్లని చూడాలని. భయపడ్డా. అయినా తీసుకెళ్ళా. ఇద్దరూ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆమె జరిగింది జరిగినట్టు మొదటి నుంచి చెప్పింది. ఆయన తల వంచుకుని విన్నాడు. "ఆ ముందు రాత్రి మా ఆవిడకి నీళ్ళు తాగించింది నువ్వే కదమ్మా, నాకు గుర్తే" అన్నాడు. "ఈ మాట ఆ రోజే చెప్పి ఉంటే నాకింత రగిలేది కాదు. ఏదో కావాలని చేశారనుకున్నా" అన్నాడు. క్షమించానని అనలేదు. అనమని ఎవరమూ అడగలేదు. అది ఆయన ఇష్టం. పోయిన మనిషి తిరిగి రాదు.

ఆ పిల్ల ఏడాదిన్నరకి మళ్ళీ డ్యూటీలో చేరింది. ఇప్పుడు ప్రతి యాంపులూ పైకి చదివి గానీ విరవదు. కొత్త పిల్లలకి అదే నేర్పుతోంది. రాత్రి డ్యూటీ అంటే ఇప్పటికీ ముందు రోజు నుంచే అన్నం సహించదట. వార్డులో ఆ రాత్రి నర్సులు మాత్రం ఇప్పటికీ ఒక్కరే.

వచ్చే నెల మొదటి సోమవారం ఆసుపత్రి ముందు కూచుంటున్నాం. ఈసారి ఎవరి పేరూ అడగం. ఖాళీ పోస్టుల లెక్క అడుగుతాం. చనిపోయినామె భర్త వస్తానన్నాడు. డ్యూటీ లేకపోతే ఆ పిల్ల కూడా వస్తానంది. మీరూ రండి.

జై భీం.